పాతకాలపు ఇంగ్లీషులో ఆడవాళ్ళ మీది తిట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

జీఆర్‌ఈ పదాల పట్టీలో టర్మగంట్, విరాగో, హారిడన్ కనబడితే మూడింటికీ ఎదురుగా "గయ్యాళి" అని రాసుకుని పేజీ తిప్పేసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. డిగ్రీలో షేక్‌స్పియర్ పాఠం ఉన్నవాళ్ళకి ష్రూ, జేడ్ తగులుతాయి. పాత ఇంగ్లీషు నవలలు చదివేవాళ్ళకి హస్సీ, స్పిన్‌స్టర్ అడుగడుగునా ఎదురవుతాయి. వీటి గురించి విద్యార్థులూ, పాఠకులూ మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాం. ఇందులో కొన్ని ఇప్పటికీ ఘాటైన మాటలే. అర్థం చెప్పాలంటే మాట రాయక తప్పదు కాబట్టి రాశాం.

గయ్యాళి అనడానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు? అన్నీ ఒకటేనా?

ఒకటే అనుకుంటే పరీక్ష గట్టెక్కుతారేమో గానీ, కథ చదివేటప్పుడు మనిషి కళ్ళకి కట్టదు. ష్రూ ఇంట్లో ఉంటుంది, మొగుణ్ణి సాధిస్తుంది, ఆ గొడవ గడప దాటకపోవచ్చు. స్కోల్డ్ గొడవ వీధికెక్కుతుంది, ఇరుగుపొరుగుకి నిద్ర ఉండదు. టర్మగంట్‌కి గొంతే ఆయుధం, అన్నీ అరుపులూ కేకలూ. విరాగో ఒంట్లో బలం, గుండెలో ధైర్యం ఉన్న మనిషి, చెయ్యెత్తడానికైనా వెనకాడదు. విక్సన్ అంటే ఆడనక్క. చటుక్కున కోపం, పదునైన నాలుక. హారిడన్‌కి వయసు మళ్ళింది గానీ అజమాయిషీ తగ్గలేదు. బ్యాటిల్-యాక్స్ 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో పుట్టిన మాట. హాస్టల్ వార్డెన్, హెడ్ నర్సు, అందరూ హడలిపోయే మేనత్త లాంటివాళ్ళకి తగిలించేవారు.

సూర్యకాంతం వేసిన అత్తగార్లలో ఎక్కువమంది హారిడన్ కిందికి వస్తారు. కోడలు వంటింట్లో చెంబు జారవిడిస్తే టర్మగంట్ అవుతారు. నిజజీవితంలో మెత్తని మనిషని తోటి నటులంతా చెప్పిన ఆవిడ పేరు తెలుగులో గయ్యాళితనానికి మారుపేరైపోయింది. ఇంగ్లీషులో ఆ గతి సోక్రటీసు భార్య జాంతిపీకి పట్టింది. ఆమె గురించి మనకి తెలిసిందంతా మొగుడి స్నేహితులు, ఆ తర్వాత కాలంలో వాళ్ళని చదివి రాసినవాళ్ళు చెప్పిందే. పొద్దస్తమానం బజార్లో తర్కం చేస్తూ కూర్చునే మనిషితో సంసారం ఎలా ఉండేదో ఆవిడ వైపు నుంచి ఒక్క ముక్కా మిగల్లేదు.

ష్రూ అంటే ఒక జంతువు కదా? దానికీ గయ్యాళికీ ఏమిటి సంబంధం?

మన ఇళ్ళల్లో గోడవారన కిచకిచమంటూ పరిగెత్తే చుంచెలుక ఈ జాతిదే. చూడ్డానికి ఎలకలా ఉంటుంది గానీ అది పురుగులు తినే వేరే కుటుంబం. పూర్వం ఇంగ్లండు పల్లెల్లో దీనంటే భయం. కరిస్తే విషం ఎక్కుతుందనీ, ఆవు వీపు మీదుగా పాకితే ఆ ఆవు కాళ్ళు పడిపోతాయనీ నమ్మేవారు. ఆ భయంలోంచి "ష్రూ" అంటే చెడ్డ మనిషి అనే అర్థం పుట్టింది.

13వ శతాబ్దంలో ఈ తిట్టు మగవాళ్ళకే. దుర్మార్గుడు, మోసగాడు అని. ఆడవాళ్ళ మీదికి మళ్ళింది తర్వాతే. 1590ల నాటి షేక్‌స్పియర్ నాటకం "ద టేమింగ్ ఆఫ్ ద ష్రూ" వచ్చేసరికి కూడా పాత వాడుక పూర్తిగా పోలేదు. అందులో పెళ్ళికొడుకు చేసే ఆగడాలు విన్న నౌకరు ఒకడు, ఈ లెక్కన పెళ్ళికూతురికన్నా ఈయనే పెద్ద ష్రూ అంటాడు. పాఠం చెప్పేటప్పుడు ఆ మాట దగ్గర ఎవరూ ఆగరు, నాకేమో నాటకం మొత్తానికీ అదే ముఖ్యమనిపిస్తుంది.

ఇదే మాట నుంచి వచ్చిన "ష్రూడ్" ఏమైందో చూడండి. మొదట దానికీ దుష్టుడు అనే అర్థం. తర్వాత జిత్తులమారి, ఆ తర్వాత తెలివైనవాడు, లోకజ్ఞానం ఉన్నవాడు. ఇవాళ ష్రూడ్ బిజినెస్‌మన్ అంటే పొగడ్త. తోబుట్టువుల్లాంటి రెండు మాటల్లో ఒకటి వ్యాపారి దగ్గరికి చేరి మర్యాద సంపాదించుకుంది, రెండోది పెళ్ళాం దగ్గర ఉండిపోయింది.

స్కోల్డ్ అని ముద్ర పడితే శిక్ష వేసేవారట, నిజమేనా?

నిజమే. ఇంగ్లండు చట్టంలో "కామన్ స్కోల్డ్" ఒక నేరం. ఎప్పుడూ గొడవపడుతూ చుట్టుపక్కల ప్రశాంతత చెడగొట్టే ఆడమనిషి అని నిర్వచనం. న్యాయశాస్త్రం రాసిన బ్లాక్‌స్టోన్ 1769లో ఒక సంగతి స్పష్టంగా చెప్పాడు. చట్టంలోని లాటిన్ మాట "కమ్యూనిస్ రిక్సాట్రిక్స్" స్త్రీలింగం, కాబట్టి ఈ నేరం ఆడవాళ్ళు మాత్రమే చెయ్యగలరు! రోజూ తాగొచ్చి వీధంతా వినపడేలా అరిచే మొగుడి మీద ఈ కేసు పెట్టడానికి వ్యాకరణమే అడ్డం.

శిక్ష డకింగ్ స్టూల్. పొడవాటి దూలానికి ఒక చివర చెక్కకుర్చీ, ఆ దూలం చక్రాల బండి మీద ఉంటుంది. మనిషిని కుర్చీలో కట్టేసి ఊరంతా తిప్పి, ఏటి ఒడ్డుకి తీసుకుపోయి, దూలం రెండో చివర పైకెత్తితే కుర్చీ నీళ్ళలోకి దిగుతుంది. మళ్ళీ లేపుతారు, మళ్ళీ ముంచుతారు. ఒడ్డున జనం జాతరకొచ్చినట్టు చేరతారు. ఇంగ్లండులో దీన్ని చివరిసారి వాడినట్టు నమోదైంది 1809లో, లెమ్‌స్టర్ అనే ఊళ్ళో. మునిగినావిడ పేరు జెన్నీ పైప్స్. 1817లో అదే ఊళ్ళో శారా లీక్ అనే ఆవిణ్ణి కూడా కుర్చీలో కూర్చోబెట్టి ఊరేగించారు గానీ, ఏట్లో నీళ్ళు చాలక ముంచడం కుదరలేదు. ఆ కుర్చీ ఆ ఊరి చర్చిలో ఇప్పటికీ ఉంది.

ఇంకోటి స్కోల్డ్స్ బ్రైడిల్, అంటే నోటికి కళ్ళెం. తలకి తొడిగే ఇనప చట్రం, అందులోంచి ఒక రేకు నోట్లోకి వెళ్ళి నాలుకని అణిచిపెడుతుంది. కొన్నిటికి ఆ రేకు మీద ముళ్ళు కూడా ఉండేవి. స్కాట్లండులో 16వ శతాబ్దం నుంచే దీని జాడ ఉంది. ఇంగ్లండులో చట్టం దీన్ని ఎక్కడా ఒప్పుకోలేదు, అయినా ఊరి పెద్దలు వాడేశారు.

అమెరికాలో యాన్ రాయల్ అనే రచయిత్రి కేసు ప్రసిద్ధం. 1829లో వాషింగ్టన్‌లో తన ఇంటి దగ్గర ప్రార్థనలు పెట్టే చర్చివాళ్ళతో ఆవిడకి పడలేదు. అరవై దాటే వయసులో ఉన్న మనిషిని కోర్టుకీడ్చి కామన్ స్కోల్డ్ అని తేల్చారు. నీళ్ళలో ముంచడం బాగుండదని 10 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. ఆవిడ నోరు మూతపడిందా అంటే, రెండేళ్ళలో సొంతంగా పత్రిక పెట్టి రాజకీయ నాయకుల అవినీతిని ఉతికి ఆరేసింది.

ఇంగ్లండు ఈ నేరాన్ని చట్టపుస్తకాల్లోంచి తీసేసింది 1967లో. అక్షరదోషం కాదు, 1967లోనే.

టర్మగంట్ ఎవరు?

దేవుడు! కాకపోతే ఎవరూ ఎన్నడూ కొలవని దేవుడు. మధ్యయుగాల్లో యూరప్ క్రైస్తవులు, ముస్లింలు విగ్రహాల్ని పూజిస్తారని ఊహించుకుని కొందరు దేవుళ్ళని కల్పించారు. వాళ్ళలో టర్మగంట్ ఒకడు. నాటకాల్లో ఈ పాత్ర పొడుగాటి అంగీ వేసుకుని రంగస్థలం మీద గంతులేస్తూ గావుకేకలు పెట్టేది. హ్యామ్లెట్ నటులకి పాఠం చెబుతూ, టర్మగంట్‌ని మించి అరిచేవాణ్ణి కొరడాతో కొట్టించాలంటాడు. అరుపులొకటే మిగిలి, దేవుడు మాయమై, మాట ఆడవాళ్ళకి అంటుకుంది. పొడుగు అంగీ చూసి జనం ఆ పాత్రని ఆడదనుకున్నారని కొందరు చెబుతారు.

విరాగో తిట్టా, పొగడ్తా?

రెండూ. లాటిన్లో "వీర్" అంటే మగవాడు. వీరుడితో సమానమైన స్త్రీ విరాగో. లాటిన్ బైబిల్లో ఆదాము తన పక్కటెముక నుంచి వచ్చిన స్త్రీకి పెట్టిన పేరు ఇదే. యుద్ధం చేసిన రాణుల్ని గౌరవంగా ఈ మాటతోనే పిలిచేవారు. క్రమంగా మగాడిలా ప్రవర్తించడమే తప్పన్న లెక్కలో తిట్టయింది. 1973లో లండన్‌లో కార్మెన్ కాలిల్ ఆడవాళ్ళ రచనల కోసం ప్రచురణ సంస్థ పెట్టి, దానికి విరాగో అనే పేరు ఖాయం చేసింది. ఇవాళ ఇంగ్లండులో పుస్తకాలు చదివేవాళ్ళకి ఆ మాట వింటే ముందు పుస్తకాలే గుర్తొస్తాయి.

హస్సీ అంటే హౌస్‌వైఫేనా? నమ్మబుద్ధి కావడం లేదు.

నమ్మాల్సిందే. "హౌస్‌వైఫ్" అన్న మాటని పూర్వం "హజివ్", "హజ్జీ" అన్నట్టు కుదించి పలికేవారు. అదే హస్సీ. 16వ శతాబ్దంలో ఇల్లాలు అనే అర్థం తప్ప ఇంకేం లేదు. తర్వాత పల్లెటూరి పిల్ల, పనిపిల్ల, ఆపైన సిగ్గులేని పిల్ల. పాత నవలల్లో "బ్రేజన్ హస్సీ" అని జంటగా వస్తుంది. బ్రేజన్ అంటే ఇత్తడి మొహం, సిగ్గు ఎరగనిది అని. ఆ మాట అలా చెడిపోయాక, ఇల్లాలి కోసం హౌస్‌వైఫ్‌ని అక్షరం పొల్లుపోకుండా పలకడం మళ్ళీ మొదలుపెట్టారు. సూదీ దారం పెట్టుకునే చిన్న గుడ్డసంచిని సిపాయిలు "హస్సిఫ్" అనేవారు. ఆ రూపంలో పాత అర్థం క్షేమంగా మిగిలింది.

స్పిన్‌స్టర్ అనే మాట కాగితాల్లో కూడా కనిపిస్తుంది. అది తిట్టెలా అవుతుంది?

స్పిన్‌స్టర్ అంటే నూలు వడికే మనిషి. చివర ఉన్న "స్టర్" ఆడవాళ్ళ వృత్తులకి పెట్టే తోక. నేసేది వెబ్‌స్టర్, బీరు కాచేది బ్రూస్టర్, రొట్టెలు కాల్చేది బాక్‌స్టర్. ఆ మూడు పనులూ మగవాళ్ళ చేతుల్లోకి పోయి, మాటలు ఇంటిపేర్లుగా గౌరవంగా స్థిరపడ్డాయి. నూలు వడకడం మాత్రం పెళ్ళికాని ఆడపిల్ల తన పొట్ట తను పోసుకునే పనిగా ఉండిపోయింది. 17వ శతాబ్దానికి రిజిస్టర్లలో పెళ్ళికాని స్త్రీ పేరు పక్కన అధికారికంగా స్పిన్‌స్టర్ అని రాయడం మామూలైంది. 18వ శతాబ్దంలో దానికి "వయసు మీరినా పెళ్ళికానిది" అన్న వెటకారం అంటుకుంది.

మన దేశంలోకి ఈ మాట తెల్లవాళ్ళ చట్టాలతోనే వచ్చింది. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టంలోని నమూనా నోటీసులో వరుడు విడోయర్ (భార్య పోయినవాడు), వధువు స్పిన్‌స్టర్. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి వివాహ రిజిస్టర్లలో బ్యాచిలర్, స్పిన్‌స్టర్ రెండూ పోయి "సింగిల్" ఒక్కటే మిగిలింది. ఫారంలో ఈ గడి కనబడితే కంగారు పడకండి, అక్కడ దానికి పెళ్ళికాలేదన్న అర్థమే. మనుషుల్ని ఉద్దేశించి మాత్రం వాడకండి. బ్యాచిలర్ అంటే వీకెండ్ పార్టీలు, స్పిన్‌స్టర్ అంటే పిల్లి, స్వెట్టర్ అల్లిక అన్నట్టు లోకం తయారుచేసి పెట్టింది.

ఫిష్‌వైఫ్ అంటే చేపలమ్మే ఆవిడ కదా, అందులో తప్పేముంది?

ఏమీ లేదు. పాత ఇంగ్లీషులో వైఫ్ అంటే ఆడమనిషి, భార్యే కానక్కర్లేదు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున బిలింగ్స్‌గేట్ చేపల బజారు ఉండేది. అక్కడి అమ్మకందార్ల నోటి దురుసు ఎంత పేరు పడిందంటే, బిలింగ్స్‌గేట్ అన్న ఆ చోటి పేరే బండబూతులకి పర్యాయపదమై నిఘంటువులకెక్కింది. "ఇది క్లాసా, చేపల మార్కెట్టా?" అని మన మాస్టార్లు అడిగేది కూడా ఈ బాపతే. పాడైపోయే సరుకుని చీకటితో లేచి గంపకెత్తుకుని, బేరగాళ్ళతో గొంతు చించుకుని మధ్యాహ్నంలోగా అమ్ముకోవాల్సిన మనిషి మెల్లగా మాట్లాడితే ఇంటికి డబ్బులు రావు.

మొదట మగవాళ్ళని అన్న మాటలు ఇంకేమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. హార్లట్ అంటే ఇవాళ వేశ్య అని చెబుతారు. 13వ శతాబ్దంలో దేశదిమ్మరి కుర్రాడు, పోకిరీ. 14వ శతాబ్దం చివర్లో కవి చాసర్ ఒక మగ ఉద్యోగిని మంచి హార్లట్, దయగలవాడు అని వర్ణించాడు. హాయ్‌డన్ మొదట మొరటు మగవాడు, తర్వాత అల్లరి పిల్ల. టామ్‌బాయ్ 16వ శతాబ్దంలో అదుపులేని మగపిల్లాడు, ఆపైన మగరాయుడిలా తిరిగే ఆడపిల్ల. గర్ల్ అన్న మాట కూడా ఒకప్పుడు ఆడా మగా తేడా లేకుండా పిల్లలందరికీ చెల్లింది, అది తిట్టు కాలేదు, అదృష్టం.

గాసిప్ ఇంకో రకం. "గాడ్-సిబ్", దేవుడి ఎదుట చుట్టం, బిడ్డకి జ్ఞానస్నానంలో తోడు నిలిచిన మనిషి. పురిటి గదిలో చుట్టూ చేరే ఆడస్నేహితుల్ని గాసిప్స్ అనేవారు. ఆ గదిలోకి మగవాళ్ళకి ప్రవేశం లేదు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారోనన్న బెంగ బయటున్నవాళ్ళది. ఆ బెంగే మాట అర్థాన్ని తిప్పేసిందని నా అనుమానం. ఇప్పుడది మన సినిమా పేజీల్లో కాపురం పెట్టింది.

మ్యూరియల్ షుల్ట్స్ అనే పరిశోధకురాలు 1975లో ఈ ధోరణి మీద ఒక వ్యాసం రాసింది. ఆడవాళ్ళకి వర్తించే మామూలు మాటలు కాలం గడిచేకొద్దీ తిట్లుగా, ముఖ్యంగా శీలం మీద తిట్లుగా దిగజారతాయనీ, మగ మాటలకి ఆ స్థాయిలో జరగదనీ ఆవిడ వాదన. చర్చ మొదలుపెట్టాలంటే ఇప్పటికీ చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు.

స్లట్ అనేది కూడా పాత మాటేనా?

1400 ప్రాంతం నాటిది. అప్పుడది మురికి, అశుభ్రం. ఇల్లు ఊడవని, జుట్టు దువ్వుకోని మనిషి. మంచాల కింద పోగయ్యే దుమ్ము ఉండల్ని "స్లట్స్ వుల్" అనేవారు. ముద్దుగా కూడా వాడారు. 1664 ఫిబ్రవరిలో లండన్ ఉద్యోగి శామ్యూల్ పీప్స్ డైరీలో తమ పనిపిల్ల సూసన్‌ని ఎంతో మెచ్చుకుంటూ "అద్భుతమైన స్లట్" అని రాసుకున్నాడు. బట్టలుతికే రోజున ఆ పిల్ల పెద్ద పనివాళ్ళకన్నా ఎక్కువ చాకిరీ చేసిందట. శీలం మీద నింద అన్న అర్థం పక్కనే పెరుగుతూ వచ్చి, 20వ శతాబ్దానికి మిగతా అర్థాల్ని మింగేసింది. స్లాటర్న్ మాత్రం ఇప్పటికీ శుభ్రత దగ్గరే ఆగింది, అందుకే పరీక్షల పట్టీల్లోకి దర్జాగా వస్తుంది.

2011లో టొరంటోలో ఒక పోలీసు, ఆడవాళ్ళు దాడులు తప్పించుకోవాలంటే స్లట్స్‌లా బట్టలు వేసుకోకూడదన్నాడు. దాని మీద పుట్టిన నిరసన నడక అదే ఏడాది జులైలో ఢిల్లీకి వచ్చింది. మన జనానికి ఇంగ్లీషు మాట అందదని ఇక్కడ "బేషర్మీ మోర్చా" అనే పేరు కూడా జోడించారు.

బ్లూస్టాకింగ్ అంటే నీలం మేజోళ్ళు. అది ఎలా తిట్టయింది?

1750లలో లండన్‌లో ఎలిజబెత్ మాంటాగ్యు లాంటి కలవారి ఇల్లాళ్ళు పేకాట మానేసి, ఇంట్లో సాహిత్య గోష్ఠులు పెట్టేవారు. బెంజమిన్ స్టిల్లింగ్‌ఫ్లీట్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడికి పట్టు మేజోళ్ళు కాకుండా రోజువారీ నీలం ఊలు మేజోళ్ళతో వచ్చేవాడు. మీ మేజోళ్ళు ఎవరికి కావాలి, మాట్లాడ్డానికి రండి అని ఆ గోష్ఠుల తీరు. చూశారా, ఆ మేజోళ్ళు మగవాడివి! గోష్ఠికి పేరొచ్చాక వెటకారం మాత్రం చదువుకున్న ఆడవాళ్ళకి మిగిలింది. పుస్తకాల పురుగు, అందచందాల మీద శ్రద్ధ లేనిది, పెళ్ళికి పనికిరానిది అని అర్థం. 1911లో జపాన్‌లో హిరత్సుకా రైచో స్థాపించిన మహిళా పత్రిక "సైతో" పేరుకి అర్థం ఇదే, నీలం మేజోళ్ళు. తిట్టుని తీసుకుని అట్ట మీద అచ్చేసుకున్నారు.

జంతువుల పేర్లు, ముసలితనం పేర్లు?

త్వరగా చెప్పేస్తాను, ఇందులో చమత్కారం తక్కువ. జేడ్ అంటే అరిగిపోయిన గుర్రం. హారిడన్ కూడా బక్కచిక్కిన గుర్రానికి వాడే ఫ్రెంచి మాట నుంచి వచ్చి ఉండొచ్చంటారు. క్రోన్ అంటే ముసలి గొర్రె, దాని వెనక ఉన్న మాటకి కుళ్ళిన కళేబరం అని అర్థం. హ్యాగ్ మంత్రగత్తె. హార్పీ గ్రీకు పురాణాల్లో ఆడమొహం, పక్షి ఒళ్ళు ఉన్న పిశాచి. ఆడకుక్కతో పోల్చే మాట గురించి 1785లో యాస గ్రంథం వేసిన ఫ్రాన్సిస్ గ్రోస్, ఇంగ్లీషు ఆడదాన్ని అనగలిగిన మాటల్లో ఇంతకు మించిన అవమానం లేదని రాశాడు. ఇప్పుడదే మాటని కాలేజీ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు సరదాగా అనుకుంటున్నారు. గ్రోస్ వింటే ఏమనేవాడో.

హిస్టీరికల్ కూడా ఈ పట్టీలోకి వస్తుందా?

వస్తుంది, పైగా డాక్టరు చీటీతో వస్తుంది. గ్రీకులో "హిస్టెరా" అంటే గర్భసంచి. ఆడవాళ్ళ ఆందోళనకి మూలం అదేనని శతాబ్దాల తరబడి వైద్యం చేశారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ రోగాల పుస్తకంలోంచి హిస్టీరియా అనే పేరుని 1980లో తొలగించింది. ఆఫీసు మీటింగుల్లోంచి ఇంకా తొలగలేదు.

క్వీన్ అన్నది తిట్టు అని ఎక్కడో చదివాను. రాణి కదా?

అవి ఒకేలా వినిపించే రెండు మాటలు, స్పెల్లింగ్ వేరు. రెండూ ఆడమనిషి అనే పాత మాట కుటుంబంలోవే. ఒకటి సింహాసనం ఎక్కింది, ఇంకోటి బజారుది అనే అర్థంలో పడింది. మిస్ట్రెస్, మేడమ్ కూడా గౌరవ పదాలుగా ఉంటూనే పక్కన ఒక చెడ్డ అర్థం మోస్తున్నాయి. వాటికి జంటగా ఉన్న మాస్టర్, సర్‌లకి ఆ బరువు లేదు.

మన తెలుగులో ఇలా జరగలేదా?

ఎందుకు జరగలేదు? "సాని" స్వామిని అనే మాట నుంచి వచ్చిందంటారు, యజమానురాలు అని. దొరసానిలో, మంత్రసానిలో ఆ మర్యాద ఇప్పటికీ ఉంది. విడిగా సాని అంటే మాత్రం ఎవరికి చెబుతారో అందరికీ తెలుసు. ముండ అంటే గుండు చేయించినది. మొగుడు పోయిన ఆడవాళ్ళకి తల గొరిగించిన రోజుల నుంచి వచ్చింది. ఆ ఆచారం పోయింది, తిట్టు పోలేదు.

ఇలాంటి మాట అంటే కేసు పెట్టొచ్చా?

ఇంగ్లండులో పూర్వం శీలం మీద నిందలేస్తే చర్చి కోర్టుకి వెళ్ళేవారు. 16, 17 శతాబ్దాల్లో అలా వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 1855లో చర్చి కోర్టులకి ఆ అధికారం తీసేశారు. మామూలు కోర్టేమో, ఆ మాట వల్ల నీకు డబ్బు నష్టమెంతో లెక్క చూపించు అనేది. ఆ ఇబ్బంది తీర్చడానికి 1891లో ప్రత్యేకంగా చట్టం చేశారు. స్త్రీ శీలం మీద నింద వేస్తే నష్టం రుజువు చెయ్యకుండానే దావా వెయ్యొచ్చు. 2013 నాటి పరువునష్టం చట్టంతో అది రద్దయింది.

మన దగ్గర భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 509. స్త్రీ మర్యాదని కించపరిచే ఉద్దేశంతో మాట, సైగ, చేష్ట ఏదైనా నేరమే. మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. ప్రతి తిట్టూ ఇందులోకి రాదు, ఉద్దేశం రుజువు కావాలి. నిజంగా ఇబ్బందిలో ఉంటే ఇలాంటి పేజీలు చదవడం ఆపి లాయర్ని కలవండి.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు జడ్జీల కోసం ఒక చేతిపుస్తకం విడుదల చేసింది. తీర్పుల్లో వాడకూడని మాటల పట్టికలో హార్లట్, స్లట్, స్పిన్‌స్టర్, మిస్ట్రెస్ ఉన్నాయి. హౌస్‌వైఫ్ బదులు హోమ్‌మేకర్ రాయమన్నారు. హార్లట్ బదులు ఏం రాయాలన్న గడిలో ఉన్నది ఒకటే మాట, స్త్రీ.

వీటిలో ఇప్పుడు మాట్లాడేటప్పుడు వాడదగినవి ఏవి?

టామ్‌బాయ్‌తో పెద్దగా పేచీ లేదు, కొందరు తల్లిదండ్రులకి అదీ నచ్చడం లేదు. బ్లూస్టాకింగ్ చరిత్ర చెప్పేటప్పుడు. విక్సన్, మింక్స్ (గడుసుపిల్ల) సరదా మాటల్లా వినిపిస్తాయి గానీ ఆఫీసులో అంటే హెచ్ఆర్ పిలుస్తుంది. టర్మగంట్, విరాగో వాడితే ఎదుటివాళ్ళు నిఘంటువు తియ్యాలి, తీశాక కోపం వస్తుంది. ష్రూ, హారిడన్, హ్యాగ్ ఎవర్నీ మొహం మీద అనకండి. మిగతావి చదివి అర్థం చేసుకోవడానికే. నిఘంటువులో మాట పక్కన "డేటెడ్" అని ఉంటే పాతబడిందని, "డిరోగేటరీ" అని ఉంటే కించపరిచేదని. రెండూ ఉంటే రెండు కారణాలు.

పలకడం ఎలా?

టర్మగంట్‌లో మొదటి అక్షరం నొక్కాలి, "మగం" దగ్గర కాదు. విరాగో, విరేగో రెండూ సరైనవే. హారిడన్‌లో "హా"ని మరీ సాగదీయక్కర్లేదు. హస్సీని హజ్జీ అని పలికేవాళ్ళూ ఉన్నారు, తప్పు కాదు. ష్రూని "శ్రూ" అనకండి. జాంతిపీ స్పెల్లింగ్‌లో ముందున్న ఎక్స్‌ని చూసి భయపడొద్దు, అది "జ" శబ్దమే.